కారు కింద తడి

మా బావతో నేను ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాను. ఫోన్ చేస్తే ఎత్తుతాడు. తిన్నావా అంటాడు, తిన్నానంటాను, వెంటనే ఫోన్ అక్క చేతికిచ్చేస్తాడు. చూసేవాళ్ళకి ఇందులో గొడవేమీ కనపడదు. కానీ పదకొండేళ్ళు ఒకే షెడ్డులో, ఒకే పైపు కింద తడిసిన మనుషులం మేము. ఆయన నోటి వెంట నాకు రావలసిన మాటలు ఎన్ని ఆగిపోయాయో నాకొక్కడికే తెలుసు.

బావంటే మా అక్క మొగుడు. ఈ ఊళ్ళో మగవాళ్ళు దారిన పోయేవాణ్ణి కూడా బావా అనేస్తారు గానీ ఈయన నిజం బావ. నాకంటే ఆరేళ్ళు పెద్ద. మా రెండు కుటుంబాలూ విజయనగరం అవతల వ్యవసాయం చేసుకునేవే. ఆయన ముందుగా విశాఖ వచ్చి ఒక లారీ షెడ్డులో పనికి కుదిరాడు. నాలుగేళ్ళకి నన్ను పిలిపించుకున్నాడు. తర్వాత ఇద్దరం కలిసి ఆటోనగర్‌లో వాటర్ సర్వీసింగ్ పెట్టుకున్నాం. ఒక బోరు, ఒక మోటారు, నీళ్ళు పోటుగా కొట్టే పంపు, బళ్ళు ఎక్కించడానికి సిమెంటు దిమ్మ, అంతే మా ఆస్తి. ఈ ఊళ్ళో ఆ పనికి కొదవ లేదు. గాలి రేవు వైపు నుంచి తిరిగిందంటే పొద్దున్న తెల్లగా ఉన్న కారు సాయంత్రానికి బూడిదరంగులోకి వస్తుంది.

బావ వెనక దిమ్మ మీద కడిగేవాడు. నేను గేటు దగ్గర ఉండేవాణ్ణి. నాకు నోరుంది, ఆయనకి ఓపికుంది, కాబట్టి పని అలా పంచుకున్నాం. బళ్ళు తీసుకోవడం, బేరం, తాళాలు అప్పగించడం, ఎవడైనా గీత పడిందని తగువుకొస్తే వాడితో తగువు పడటం నావంతు. ముక్కు మీద కోపం నాకు. బావ పంపు హోరులోంచి "ఒరే" అని ఒక్క కేక వేసేవాడు, అందులో కోపముందో నవ్వుందో నాకు వినపడగానే తెలిసిపోయేది. మధ్యాహ్నం అక్క పంపిన క్యారేజీలో ఎండుచేపల వేపుడు ఉంటే, నడిముక్క నా మూతలో పడేసి తోకముక్క తాను తినేవాడు. నాకు తోకే ఇష్టమని నేను ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు రోజూ తోకే తింటున్నాను, రుచి లేదు.

ఒక వేసవిలో మా బోరుకి జబ్బు చేసింది. మోటారు పది నిమిషాలు నీళ్ళు తోడి, తర్వాత గాలి పీల్చడం మొదలెట్టేది. ఆ చప్పుడు బావకి ఎంత దూరం నుంచైనా తెలిసిపోయేది, పరిగెత్తుకెళ్ళి స్విచ్చి కట్టేసేవాడు. గంట ఆగి మళ్ళీ వేసేవాడు. షెడ్డు వెనక గోడ అవతల వరసగా రేకుల ఇళ్ళున్నాయి. వాళ్ళ కుళాయి అప్పటికే ఎండిపోయింది. ట్యాంకర్ వస్తే బిందెలతో తోసుకోవడం, రాకపోతే ఎదురుచూడటం. మా దిమ్మ మీద నుంచి పోయే మురుగు కాలవ సరిగ్గా వాళ్ళ గుమ్మాల ముందు నుంచే పోతుంది.

ఒకరోజు బావ లారీ కడుగుతుంటే, గోడ విరిగిన చోట ఒకావిడ ఖాళీ బిందె చంకలో పెట్టుకుని నిలబడింది. అడగలేదు, తిట్టలేదు. నీళ్ళు లారీ చక్రాల మీద పడటం, నురగతో కాలవలోకి జారిపోవడం చూస్తూ ఉండిపోయింది. బావ పంపు ఆపేశాడు. పైపు తెచ్చి ఆవిడ బిందె నింపాడు. వెంటనే పది బిందెలు వచ్చాయి. సగం సబ్బులో ఉన్న లారీ డ్రైవరు నా మీద కేకలేశాడు. నేను వెనక్కెళ్ళి బావ మీద వేశాను. మనం చలివేంద్రం నడపడం లేదన్నాను, బోరు ఎండితే అక్క మెళ్ళో గొలుసు అమ్మి కొత్తది తవ్విస్తావా అన్నాను, నోటికెంత వస్తే అంతా అన్నాను. ఆ మధ్యాహ్నం ఆయన క్యారేజీ విప్పలేదు.

"నురగ నీల్లు ఆల్ల గుమ్మం ముందునుంచే పోతన్నాయిరా," అన్నాడు పైపు చుట్టుకుంటూ. "ఒక్క మాటనేదు ఆ మనిసి. సూత్తా నిలబడిపోనాది."

తర్వాతి వారం ఒక సీసా పట్టుకొచ్చాడు. దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. మొక్కల రసాలతో చేసిన ద్రావకమట, భూమికి చెరుపు చెయ్యదట. నీళ్ళు అక్కర్లేదు. బండి మీద పిచికారీ కొట్టి, మెత్తటి నూలుగుడ్డతో దుమ్ము ఎత్తేసి, ఇంకో గుడ్డతో మెరుగు పెట్టాలి. నా మోటార్ సైకిల్ మీద చేసి చూపించాడు. నిజం చెప్పొద్దూ, నీళ్ళతో కడిగినదానికంటే బాగా వచ్చింది. నేను మాత్రం పెళ్ళికూతురికి పౌడరు రాసినట్టుంది గానీ స్నానం చేయించినట్టు లేదు అన్నాను. బావ నవ్వి నా బండి అద్దంలో తన మీసం సవరించుకున్నాడు.

పెళ్ళికూతురి మాట నేను ఎగతాళికే అన్నాను గానీ, ఊరు ఊరంతా అదే అంది. గేటు దగ్గర నిలబడి రెండు వారాలు విన్నాను. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు, ఒక మచ్చ దొరకలేదు. "తుడిచారు, కడగలేదు," అన్నాడు. తుడవడానికి మా ఇంట్లో పనమ్మాయి ఉంది కదా అని గొణుక్కుంటూ వెళ్ళాడు. కొత్త కారు గుడికి తీసుకెళ్ళబోతున్నవాళ్ళు నీళ్ళు తగలని బండికి పూజ ఎలా చేయిస్తామని నన్ను నిలదీశారు. మధురవాడ నుంచి కంప్యూటర్ ఉద్యోగి ఒకాయన వచ్చేవాడు. ప్లాస్టిక్ సంచి ముట్టడు, స్టీలు సీసాలో నీళ్ళు తాగుతాడు, ఆయన కారు వెనకద్దం మీద నీటిని కాపాడండి అని పచ్చటి స్టిక్కరు. ఆయనకైతే చెప్పనక్కర్లేదు అనుకున్నాను. అంతా విని, చాలా మంచి ఆలోచనండి అని మెచ్చుకుని, చివర్లో ఒక్కసారి నీళ్ళు కొట్టేయండి, తృప్తిగా ఉంటుంది అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన్నొక్కణ్ణే అనడానికి నాకు మొహం లేదు. నేను మాత్రం? రెండు బకెట్లు ఒంటి మీద పడితేనే నాకు స్నానం చేసినట్టుంటుంది. నీళ్ళు పారడం కళ్ళతో చూస్తే తప్ప శుభ్రమైందని మనసొప్పుకోదు మాకు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన ఊరు కదా, నీళ్ళకి కరువేమిటనే ధీమా అందరిలోనూ ఎక్కడో ఉంది.

బళ్ళు తగ్గిపోయాయి. బావ రోజూ గుడ్డలు ఉతికి ఆరేసుకుని, దిమ్మ మీద కూచుని గేటు వైపు చూసేవాడు. నా వైపు చూడటానికి సిగ్గుపడేవాడు. షెడ్డు మూసెయ్యాల్సొస్తుందేమో అనే బెంగ నాకూ ఉంది, లేదనను. కానీ నన్ను తినేసింది ఆ మొహం. నేనెంత అరిచినా చెక్కుచెదరని మనిషి, జనం ఒక్క మాట వినకపోయేసరికి గాలి తీసిన టైరులా అయిపోయాడు.

ఒక సాయంత్రం ఆ పెద్దాయన కారు మళ్ళీ వచ్చింది. ఈసారి మామూలుగా నీళ్ళతోనే చేయిస్తానని గేటు దగ్గరే మాటిచ్చి పంపేశాను. బావ లోపల తన సీసాతోనే తళతళలాడించాడు. నేను కారు తెచ్చి గేటు ముందు పెట్టాను. గేటు పక్క తొట్టిలోంచి ఒక చెంబుడు నీళ్ళు తీసుకుని నాలుగు చక్రాల మీదా చిలకరించాను, తలుపుల అడుగున పోశాను, మిగిలింది కారు కింద గుమ్మరించాను. పెద్దాయన వచ్చి ముందు కింద చూశాడు. చుక్కలు కారుతున్నాయి. చెప్పు తడి మీద ఒకసారి రాశాడు. ఇది పనంటే, అని మెచ్చుకుని వెళ్ళాడు.

అప్పట్నుంచి అదే పద్ధతి. పాతవాళ్ళందర్నీ ఒక్కొక్కళ్ళనీ ఫోన్ చేసి వెనక్కి రప్పించాను. బండి ఇచ్చేసి పని చూసుకుని రండి, సాయంత్రానికి తీసుకుందురు గాని అనేవాణ్ణి. గేటు దగ్గర నేల ఎప్పుడూ ఎందుకు తడిగా ఉంటోందని బావ ఒకసారి అడిగాడు. దుమ్ము లేవకుండా చల్లుతున్నానన్నాను. ఆయన నమ్మాడు. నేను చెప్పింది నమ్మకపోవడం ఆయనకి అలవాటు లేదు.

ఆ తర్వాత మూడు నెలలు మా బావ ఎంత సంతోషంగా ఉన్నాడో చెప్పలేను. బోరుకి విశ్రాంతి దొరికి నీళ్ళు ఊరాయి. వెనక గోడ మీదుగా పైపు వేసి, పొద్దున్న గంటసేపు రేకుల ఇళ్ళవాళ్ళకి వదిలేవాడు. నేనూ వెళ్ళి బిందెలు అందించేవాణ్ణి. పగలు పని చేస్తూ పాటలు పాడుకునేవాడు. అన్ని పాటలకీ ఒకటే రాగం, అదీ తప్పే. అక్కకి చెప్పాడు, టీ కొట్టువాడికి చెప్పాడు, ఊరెళ్ళినప్పుడు మా నాన్నకి చెప్పాడు, విశాఖలో జనానికి నీటి విలువ తెలిసొచ్చిందని. ఒకరోజు చెయ్యి తుడుచుకుంటూ గేటు దాకా వచ్చి నా భుజం మీద చరిచాడు.

"సూసినావేటి? జనం మారతన్నారురా. మనవే ఆల్లని తక్కువగా లెక్కేసినాం. నీ నోరు మంచిది, నువ్వు సెప్తే ఇంటన్నారు."

అప్పుడే చెప్పేసి ఉంటే? చెప్పలేదు. వందల బిందెల నీళ్ళు మిగులుతుంటే చెంబుడు నీళ్ళకి ఇంత ఆలోచన దేనికని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ లెక్క ఇప్పటికీ తప్పు కాదు. కానీ ఆయన అలా మురిసిపోతుంటే ఎదురుగా నిలబడి నేనూ నవ్వాను చూడండి, అక్కడ చేశాను తప్పు.

బోర్డు పెడదామన్నాడు. నీళ్ళు లేకుండా సర్వీసింగ్ అని గేటు మీద పెద్ద అక్షరాలతో. ఇప్పుడెందుకన్నాను, శ్రావణం రానీ అన్నాను, పెయింటరు ఊళ్ళో లేడన్నాను. నేను నాన్చుతున్నానని ఆయనకి అర్థమైంది గానీ, కారణం మాత్రం పిసినారితనం అనుకున్నాడు. ఒకరోజు నన్ను గుడ్డలు కొనుక్కురమ్మని ద్వారకా నగర్ పంపించాడు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గేటు మీద కొత్త బోర్డు, నీలిరంగు అక్షరాలింకా ఆరలేదు. నన్ను ఆశ్చర్యపరచాలని దగ్గరుండి రాయించాడు. బోర్డు కింద మధురవాడ ఆయన నిలబడి ఉన్నాడు, ఎదురుగా బావ. బావ చేతులు తిప్పుతూ సంబరంగా చెబుతున్నాడు.

నేను దగ్గరికొచ్చేసరికి బావ, మీ కారు మీద మూణ్ణెల్లుగా చుక్క నీళ్ళు పడలేదు, ఎలా మెరుస్తోందో మీరే చూడండి అంటున్నాడు. మీలాంటి చదువుకున్నవాళ్ళు ఒప్పుకోబట్టే మేం నిలబడ్డామని దణ్ణం కూడా పెట్టాడు. ఆ మనిషికి మొహం ఎర్రబడింది. నేనెప్పుడు ఒప్పుకున్నానన్నాడు. నీళ్ళతో కడుగుతామంటేనే కదా వస్తున్నానన్నాడు. బావకి అర్థం కాలేదు, లేదండీ, పొయ్యలేదండీ అని మెల్లగా చెబుతున్నాడు.

"మరి కారు కింద తడి ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అన్నాడాయన. "ప్రతిసారీ చుక్కలు కారుతూనే ఉంది కదా?"

బావ నేల వైపు చూశాడు. తర్వాత గేటు పక్కనున్న తొట్టి వైపు, దాని మీద బోర్లించిన చెంబు వైపు చూశాడు. ఆఖరికి నా వైపు చూశాడు.

మధురవాడ ఆయన ఇది మోసమన్నాడు, ఇప్పటికిప్పుడు నీళ్ళతో కడిగితీరాలన్నాడు. నేను కదిలేలోపే బావ తాళాలు తీసుకున్నాడు. కారు దిమ్మెక్కించి మోటారు వేశాడు. పంపు వేశాడు. ఆ కారుని అరగంట కడిగాడు. పైన, కింద, చక్రాల లోపల, అవసరం లేనిచోట కూడా కొట్టాడు. నురగ కాలవలో పడి గోడ అవతలికి పోయింది. అవతల ఆడవాళ్ళెవరో బయటికొచ్చిన అలికిడి నాకు వినిపించింది. బావకీ వినిపించే ఉంటుంది, తల తిప్పలేదు. మధురవాడ ఆయన కారు చుట్టూ తిరిగి చూసుకుని, థాంక్సండీ అని నీటిని కాపాడుకుంటూ వెళ్ళిపోయాడు.

బావ స్విచ్చి కట్టేసి, తడిసిన లుంగీ పిండుకున్నాడు. నేను తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుణ్ణు అనుకున్నాను.

"జనం నమ్మకపోతే పర్నేదురా," అన్నాడు. "రేపు కాపోతే ఎల్లుండి నమ్ముతారు. నన్నెందుకు నమ్మించినావు?"

మర్నాడు షెడ్డుకి రాలేదు. ఒంట్లో బాగాలేదని అక్క ఫోన్ చేసింది. వారం తర్వాత మళ్ళీ అక్కే ఫోన్ చేసి, ఆయన ట్యాంకర్ మీద డ్రైవరుగా చేరాడని చెప్పింది. మధురవాడ అపార్టుమెంట్లకి నీళ్ళు తోలుతున్నాడు. అక్క ఇంకేమీ అడగలేదు గానీ ఫోన్ పెట్టే ముందు ముక్కు చీదుకుంది.

ఒక ఆదివారం ఇంటికి వెళ్ళాను. కుర్చీ ఎక్కి ఫ్యాను బాగుచేస్తున్నాడు. కుర్చీ పట్టుకున్నాను. నీ మొహం అలా అయిపోతుంటే చూడలేక పోశాను బావా అన్నాను. వినపడనట్టు స్క్రూడ్రైవరు అడిగాడు, ఇచ్చాను. ఫ్యాను తిరిగింది. కిందకి దిగి, "ఒగ్గీరా, అయిపోనాదిగదా," అని అక్కని టీ పెట్టమన్నాడు. టీ తాగాం. వాన గురించి మాట్లాడుకున్నాం. ఇంటికొచ్చే దారిలో బండి పక్కకి ఆపి ఏడ్చాను. ఈ వయసులో నడిరోడ్డు మీద ఏడవడం ఏం శోభ, అయినా ఏడ్చాను.

నేను బోర్డు తియ్యలేదు. చెంబుతో చల్లడం మానేశాను. వచ్చిన ప్రతివాడికీ గేటు దగ్గరే చెప్పేస్తున్నాను, నీళ్ళు పొయ్యమండి, కింద తడుండదు, ఇష్టమైతేనే ఇవ్వండి అని. చాలామంది బండి తిప్పుకుని పోతారు. నాలుగిళ్ళ అవతల పోటుగా నీళ్ళు కొట్టే షెడ్డు ఇంకోటి ఉంది. కొందరు మొహమాటానికి ఉంటారు. కొందరు తడిగుడ్డతోనైనా ఒకసారి తుడవమంటారు. ఒకప్పుడు ఇలాంటి వాళ్ళతో గొంతు చించుకునేవాణ్ణి, ఇప్పుడు ఓపిగ్గా చెబుతున్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో నాకు తెలుసు. వెనక దిమ్మ మీద నేనే తుడుస్తాను, నేనే గేటు దగ్గరికొస్తాను. పంపు హోరు లేదు గనక షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో కూడా ఎవరో "ఒరే" అన్నట్టనిపించి వెనక్కి తిరుగుతుంటాను.

మొన్న ఒకామె స్కూటీ మీద వచ్చింది. ఏదో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతుందట. నేను అలవాటుగా నా దండకం మొదలెట్టాను, నీళ్ళు పొయ్యమండి, కింద తడుండదు అని. ఆమె మధ్యలోనే చెయ్యి ఊపింది.

"బోర్డు చూసే వచ్చానండీ. మా బిల్డింగులో రెండ్రోజులుగా నీళ్ళు లేవు, ట్యాంకర్ కోసం కూర్చున్నాం. బండికి నీళ్ళు పోయించుకుంటే నాకు తప్పుగా ఉంటుంది. మీరు చేసే పద్ధతిలోనే చెయ్యండి."

ఎంత శ్రద్ధగా తుడిచానో ఆ స్కూటీని. ఆమె బండి చుట్టూ చూసింది, సీటు కింద చూసింది. నేల వైపు అసలు చూడలేదు. వచ్చేవారం మా ఆయన కారు పంపిస్తానంది. ఆమె గేటు దాటగానే ద్రావకం అంటిన చేతులతోనే బావకి ఫోన్ చేశాను. ఆయన వెనక నీళ్ళు సంపులో పడుతున్న మోత. తిన్నావా అన్నాడు. దానికి జవాబు చెప్పకుండా గబగబా మొత్తం చెప్పేశాను, ఆమె ఏమందో అక్షరం పొల్లుపోకుండా, నేను అడక్కుండానే అందని, నీళ్ళు వద్దనే వచ్చిందని.

అవతల నీళ్ళ మోత కొంచెం తగ్గింది, పక్కకి నడిచినట్టున్నాడు.

"నిజవేనా?" అన్నాడు.

"నిజం బావా."

అక్క మీద ఒట్టు వెయ్యబోయి ఆగిపోయాను. ఒట్టు వేస్తే ఇంకా అబద్ధంలా ఉంటుంది.

"సరేలే, సంపు నిండిపోతంది," అని ఫోన్ పెట్టేశాడు.

నమ్మలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.